తొమ్మిదింటికే నిద్రపోయే పిల్లలు

ముప్పై రెండేళ్లు నేను నమ్మకపోవడానికే జీతం తీసుకున్నాను. అంగన్‌వాడీ సెంటర్ల మీద సూపర్‌వైజరు పని అంటే అదే. రిజిస్టరులో ఇరవై మంది పిల్లలుంటే చాప మీద ఎంతమంది ఉన్నారో చూడాలి. గుడ్లు ఉడకబెట్టామంటే చెత్తబుట్టలో పెంకులున్నాయా అని చూడాలి. "ఇప్పుడే ఇళ్లకు పోయినారు మేడం" అంటే ఆ చాప మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉందో లేదో తడిమి చూడాలి. నేను చాపలు చాలా తడిమాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ రోజుల్లో ఎలా పట్టుకునేవాళ్లు మేడం అని అడుగుతుంటారు. పట్టుకున్నవన్నీ కాస్త గొప్పగానే చెబుతుంటాను. ఒక్కటి మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు. రిటైరు కావడానికి రెండు నెలల ముందు జరిగింది.

రేణిగుంట దాటాక రైలుకట్ట పక్కన ఒక చిన్న టౌను ఉంది. పేరు వద్దు, అక్కడివాళ్లు ఇంకా నన్ను గుర్తుపడతారు. ఒకప్పుడు ఆ టౌను ఆడవాళ్లు మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లి, మిగతా రోజులు ఇళ్లలో ఉండేవాళ్లు. తర్వాత చుట్టుపక్కల ఫోన్లు, కెమెరాలు తయారుచేసే కంపెనీలు వచ్చాయి. కంపెనీ బస్సు తెల్లవారి ఐదూ పదికి క్రాసు రోడ్డు దగ్గర ఆగుతుంది. ఆరింటికి షిఫ్టు. ఇరవై ఏళ్ల ఆడపిల్లలు, ఇరవై ఐదేళ్ల ఆడపిల్లలు, చంటిబిడ్డల తల్లులు, అందరూ ఆ బస్సు ఎక్కాలి.

బిడ్డలను ఎక్కడ పెట్టాలి? మా అంగన్‌వాడీ తొమ్మిదింటికి తెరుస్తాం. అదీ మూడేళ్లు నిండినవాళ్లకు. అంతకన్నా చిన్నవాళ్లకు ఇంటికి సరుకులిచ్చి పంపుతాం తప్ప కూర్చోబెట్టుకోం. పాత చీర కొంగుతో బిడ్డను మంచం కోడుకు కట్టేసి వెళ్లిన తల్లి ఉందంటే నేను నమ్మలేదు. వెళ్లి చూశాక నమ్మాను.

ఆ టౌనులో ఒక ఆయమ్మ ఉండేది. యాభై దాటిన మనిషి. గుజ్జు ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి మోకాళ్లు పోయాయి. పక్కింటి అమ్మాయి బిడ్డను చూసుకోవడంతో మొదలుపెట్టి, తన రేకుల షెడ్డులో తొమ్మిది మంది దాకా చూసుకునేది. ఇంకా పాతికమంది తల్లులు మా బిడ్డనూ తీసుకో అని ఆమె వాకిట్లో నిలబడేవాళ్లు. షెడ్డులో చోటు లేదు.

దీన్ని పట్టించుకున్నవాడు స్టీలు సామాన్ల అంగడి భాయ్. ఆయన కూతురు కూడా ఆ కంపెనీలోనే పని. ప్రహరీ గోడ ఉన్న ఇల్లొకటి అద్దెకు తీసుకుని, ఆయమ్మకు తోడుగా ఇంకో ఇద్దరిని పెట్టి, టౌను పిల్లలందరికీ ఒక 'బిడ్డల ఇల్లు' పెట్టాలని ఆయన పట్టుదల. దానికి ఊరంతా కలిసి డబ్బు పోగుచేయాలి. రసీదు పుస్తకం పట్టుకుని తిరిగితే ఎవరూ ఇవ్వరని ఆయనకు తెలుసు. అందుకని చదివింపులు పెట్టాడు.

మా వైపు పెళ్లయినా, చెవులు కుట్టినా, భోజనాల దగ్గర మైకు పెట్టి ఎవరు ఎంత చదివించారో పేరు పెట్టి చదువుతారు. ఇచ్చినవాళ్ల ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ మొత్తం తిరిగి చదివించాలి. అందుకే ఇక్కడ చదివింపులంటే ఎవరూ వెనకాడరు. బిడ్డల ఇంటికి చదివింపులని చాటింపు వేయగానే ఒక ముసలమ్మ భాయ్ అంగడి ముందు నిలబడి అడిగిందట.

"నేను సదివిస్తా సరే. నాకు మళ్లా ఎవురు సదివిస్తారప్పా?"

"నీ మనవరాలు పన్లోకి పొయ్యేనాడు దాని బిడ్డను ఈడ సూసుకుంటారు గదమ్మా. అదే నీకు తిరుగు సదివింపు."

ఈ మాట టౌనులో బాగా నచ్చింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. చెంబులు అమ్ముకునేవాడికి చంటిపిల్లల మీద ఇంత ప్రేమ ఎందుకు? ఇంటి అడ్వాన్సు మొత్తం తానిస్తానన్న చింతపండు మండీ యజమానికి రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో నిలబడే ఆలోచన ఉందేమో? (నిలబడ్డాడు. ఆ రోజుల్లో నాకొచ్చిన అనుమానాల్లో నిజమైంది అదొక్కటే.)

భాయ్ నా దగ్గరికి వచ్చాడు. "మీరు ఒకసారి ఆయమ్మ తావికి పోయి సూసి, బాగుండాదని అంటే సాలు మేడం. మీరు ఎవుర్నీ నమ్మరని టౌనంతా తెలుసు. అందుకే మీ మాట నమ్ముతారు" అన్నాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఇంత బాగా పొగిడినవాళ్లు లేరు. సరేనన్నాను.

మొదటిసారి చెప్పకుండా వెళ్లాను. ఉదయం తొమ్మిదిన్నర. షెడ్డు శుభ్రంగానే ఉంది. నీళ్ల బిందెకు మూత ఉంది. ఆయమ్మ గుమ్మంలో కూర్చుని గుడ్డలు మడతపెడుతోంది. లోపల తొమ్మిది మంది పిల్లలు. తొమ్మిది మందీ నిద్ర.

నాలుగు రోజులాగి మళ్లీ అదే వేళకు వెళ్లాను. మళ్లీ అందరూ నిద్ర. ఒక పిల్లవాడి అరచెయ్యి గిలిగింత పెట్టాను. కదిలాడు, లేవలేదు. కిటికీలో సగం ఖాళీ అయిన దగ్గుమందు సీసా ఉంది. చూసి, చూడనట్టు బయటకు వచ్చేశాను. ఆయమ్మ "టీ తాగి పోండి మేడమ్మా" అంది. వద్దన్నాను.

ఆ వీధి చివర మా సెంటరు. అక్కడి అంగన్‌వాడీ టీచరు నాతో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. మంచిదే, కానీ తన సెంటరుకు పిల్లలు తగ్గుతున్నారని ఆ మధ్య దిగులుగా ఉండేది. నేను ఏమీ అడగకుండానే మొదలుపెట్టింది.

"మేడం, మన సెంటర్‌లో ఒగ బిడ్డను నిద్రపుచ్చాలంటే నాకు అరగంట పడతాది. ఆయమ్మ తావ తొమ్మిదిమంది ఒక్క తూరి పండుకుంటారంట. ఏం పోస్తా ఉండాదో ఏమో! నేను సెప్పినానని అనొద్దండి."

నాకు భయమేసింది. దానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో గూడూరు వైపు పనిచేశాను. అక్కడ నిమ్మకాయల మండీ వెనుక ఒక మనిషి కూలీల బిడ్డలను చూసుకునేది. పిల్లలు మరీ బుద్ధిగా ఉన్నారని నాకు తోచి, ఏమైనా మందు పోస్తున్నావా అని అడిగాను. అమ్మతోడు లేదని దండం పెట్టింది. నమ్మి వచ్చేశాను. వారం తిరక్కుండా ఒక పాపను ఆసుపత్రిలో చేర్చారు. మందు తాగించి నిద్రపుచ్చేదట. పాప బతికింది, కానీ ఆ తల్లి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఆ రోజు నుంచి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. మనుషులను అడగకూడదు, అడిగితే అబద్ధం చెబుతారు. కళ్లతో చూసిందే నిజం.

మా పై అధికారి సీడీపీఓతో చెప్పాను. ఆయన ఫైలులోంచి తలెత్తకుండా, "అది మన సెంటరు కాదు కదమ్మా. మీకెందుకు?" అన్నారు. ఆ మాటకు నాకు ఇంకా పట్టుదల పెరిగింది.

ఆదివారం మధ్యాహ్నం చదివింపులు. ఉర్దూ బడి ఆవరణలో షామియానా వేశారు. భోజనంలోకి కుష్కా అన్నం, పెరుగు పచ్చడి. చర్చి ఆడవాళ్లు ఆకులు వేస్తున్నారు, భాయ్ అంగడి పనివాళ్లు నీళ్లు పోస్తున్నారు, ఆయమ్మ మోకాళ్ల నొప్పితోనే వంగి వడ్డిస్తోంది. మైకులో పేర్లు చదువుతున్నారు. టైలరు, టీ అంగడి, ఆటో స్టాండు, బ్యాండు మేళంవాళ్లు. కంపెనీ బస్సు ఎక్కే అమ్మాయిలు గుంపుగా వచ్చి తలా రెండు రోజుల కూలి చదివించారు. అందులో ఒకమ్మాయి చంకలో పది నెలల పాప. ఆ పాపకు ఇంకా షెడ్డులో చోటు దొరకలేదు. నాలుగిళ్లు మార్చి మార్చి వదిలి పనికి వెళుతోంది. నన్ను చూసి నవ్వి, "పండగ దాటితే కొత్త షిఫ్టులు మేడమ్మా. పొద్దున షిఫ్టుకు రానోళ్ల పేర్లు తీసేస్తారంట. అంతలోపల ఇల్లు అయిపోతే నా కష్టం గట్టెక్కుతాది" అంది.

మండీ యజమాని వంతు వచ్చింది. ఆయన మైకు దగ్గరికి వచ్చి, నా వైపు తిరిగాడు. "నేను అడ్వాన్సు ఇచ్చేది గ్యారంటీ. ఒగ మాట అడగతా. మేడమ్మ రెండు తూర్లు పోయి సూసి వచ్చింది. అంతా బాగుండాదా మేడం?" అని మైకు నా చేతికిచ్చాడు.

'బాగుంది' అని అబద్ధం చెప్పలేను. 'తర్వాత చెబుతాను' అని తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. గూడూరు పాప గుర్తుకొచ్చింది, సీడీపీఓ మాట గుర్తుకొచ్చింది, ఇంతమంది నా మాట కోసం ఎదురుచూస్తున్నారన్న గర్వం కూడా లోపల ఎక్కడో ఉంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"నేను వెళ్లిన రెండుసార్లూ పిల్లలందరూ నిద్రలో ఉన్నారు. ఉదయం తొమ్మిదిన్నరకు తొమ్మిది మంది ఒకేసారి ఎందుకు నిద్రపోతారో నాకు తెలియలేదు. కిటికీలో దగ్గుమందు సీసా ఉంది. తెలిసేదాకా బాగుందని నేను చెప్పలేను" అన్నాను.

ఒక్క మాట కూడా అబద్ధం కాదు. జాగ్రత్తగా, నెమ్మదిగా చెప్పాను.

షామియానా కింద భోజనాలు ఆగిపోయాయి. మండీ యజమాని చేతిలోని కవరు జేబులోకి వెళ్లిపోయింది. ఆయమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. నోరు తెరిచింది కానీ, ఆమె మాట నాకు వినపడలేదు. మైకు నా చేతిలో ఉంది. కాసేపటికి చదివించినవాళ్లు ఒక్కొక్కరే భాయ్ దగ్గరికి వచ్చి తమ డబ్బు తిరిగి అడిగారు. ఆయన ఎవరితోనూ వాదించకుండా ఇచ్చేశాడు.

సోమవారం షెడ్డుకు ముగ్గురు పిల్లలే వచ్చారని విన్నాను. మిగతా తల్లులు సెలవు పెట్టారు. ఆ చంటిపాప తల్లితో చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా, రేపు మా మీదా ఇలాంటి మాట వస్తుందేమోనని భయపడి, మాకెందుకమ్మా అన్నారట. ఆమె కూడా బస్సు ఎక్కలేదు.

నేనేమో నా అనుమానం రుజువు చేసే పనిలో పడ్డాను. మందు ఎప్పుడు పోస్తుందో కళ్లతో చూడాలి. బుధవారం తిరుపతిలో మా ఇంటి నుంచి తెల్లవారుజామునే ఆటో మాట్లాడుకుని వెళ్లి, షెడ్డు ఎదురుగా టీ అంగడి బల్ల మీద ముసుగు కప్పుకుని కూర్చున్నాను. ముప్పై రెండేళ్లలో నేను ఏ సెంటరునూ తొమ్మిదికి ముందు చూడలేదు.

ఐదుకు పది నిమిషాలుండగా తల్లులు వచ్చారు. పిల్లలకు స్నానాలయ్యాయి, తలలు ఇంకా తడిగా ఉన్నాయి, మొహాన పౌడరు, దిష్టిచుక్క. ఒకడు ఏడుస్తున్నాడు, ఒకతె కేకలు పెడుతోంది. తల్లులు బస్సు కోసం పరుగెత్తారు. ఆ తర్వాత మూడు గంటలు ఆ ముగ్గురూ షెడ్డును కిందా మీదా చేశారు. బిందె మూత డప్పు అయింది, ఆయమ్మ చీపురు గుర్రం అయింది. ఎనిమిదింటికి ఆమె రాగి జావ తాగించింది. గిన్నె, చెంచా, జావ, ఇంకేమీ లేదు. ఎనిమిదిన్నరకు ఒకడు ఆవలించాడు. తొమ్మిదికల్లా ముగ్గురూ ఎక్కడివాళ్లు అక్కడ పడి నిద్రపోయారు.

ఆయమ్మ కుంటుకుంటూ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది. నేను వచ్చినప్పటి నుంచీ ఆమెకు తెలుసు.

"మూడున్నరకు లేపి, నాలుక్కంతా నీళ్లు పోస్తారు మేడమ్మా. మూడున్నరకు లేసిన బిడ్డ తొమ్మిదికి నిద్రపోకుండా ఇంకేం సేస్తాది? ఆ దగ్గుమందు ఒగ పిల్లోనిది. డాక్టరమ్మ రాసిచ్చిన సీటీ కూడా ఉండాది. మీరు ఒగ్గ మాట అడిగింటే సెప్పిందును గదా."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు. తొమ్మిదింటికి రోజు మొదలయ్యే పిల్లలే నాకు తెలుసు. తొమ్మిదింటికి సగం రోజు గడిచిపోయిన పిల్లలుంటారని నాకు తట్టనే లేదు. తప్పు నాది ఆయమ్మా అన్నాను. ఆమె "లోపల బిడ్డలుండారు" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి ఇంటింటికీ తిరిగాను. నేను చెప్పింది పొరపాటు, ఆయమ్మ పిల్లలకు ఏమీ పోయదు, నేనే చూశాను అని చెప్పాను. అనుమానం అరనిమిషంలో ఊరంతా పాకింది. నమ్మకం మాత్రం ఒక్క గుమ్మం దాటలేదు. మండీ యజమాని నన్ను కూర్చోమనలేదు. "మొన్న అట్ల అంటిరి. ఈపొద్దు ఇట్ల అంటా ఉండారు. రేపెట్లో!" అన్నాడు. టైలరు అంగడి దాటుతుంటే వెనక ఎవరో, "ఎంత ముట్టిందో మేడమ్మకు" అనడం వినిపించింది. ఉద్యోగమంతా ఒకరి చేతి నుంచి కాఫీ కూడా తీసుకోని దాన్ని.

మా అంగన్‌వాడీ టీచరు దగ్గరికి వెళ్లి, ఆ రోజు నువ్వు ఎందుకలా చెప్పావు అని అడిగాను. "నేను అనుమానమొచ్చి సెప్తిని మేడం. మైకులో సెప్పమన్నానా?" అంది. నిజమే, అనలేదు.

దారి చూపింది భాయే. నన్ను తిట్టడానికి హక్కున్న మనిషి. తిట్టలేదు. "మాటలు సాలు మేడం. మీ మాట, నా మాట ఇంగ ఎవురూ నమ్మరు. వొచ్చి సూడమందాం. ముందు పొద్దున ఐదింటికొచ్చి కూసోండి, తొమ్మిది దాకా సూడండి, తర్వాత ఇష్టముంటే ఇయ్యండి" అన్నాడు.

మొదటి రోజు టీ అంగడి ఆయన ఒక్కడే వచ్చాడు. మరుసటి రోజు ఆయన భార్య, ఇంకో ఇద్దరు. తిరుగు చదివింపు అడిగిన ముసలమ్మ వచ్చి, చూసిన తర్వాత కూడా వెళ్లక, రోజూ వచ్చి ఒక బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చునేది. నేను సెలవు పెట్టుకుని రోజూ ఐదింటికల్లా అక్కడుండేదాన్ని. నెల తిరిగేసరికి వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ ఇచ్చారు. మైకు లేదు, భోజనాలు లేవు. భాయ్ చేతిలో పెట్టి వెళ్లారు. మండీ యజమాని రాలేదు. ఆయన ఇస్తానన్న అడ్వాన్సు లేకపోయేసరికి అనుకున్న ఇల్లు పోయింది. పిండిమర వెనుక రెండు గదుల ఇల్లు దొరికింది. ప్రహరీ లేదు, వెదురు తడిక కట్టుకున్నారు. ఇరవై మంది పిల్లలతో మొదలైంది.

నేను అప్పటికి రిటైరయ్యాను. అయినా రోజూ వెళ్లేదాన్ని. జావ కాచేదాన్ని, గుడ్డలు మడతపెట్టేదాన్ని. ఆయమ్మ నాతో అవసరమైనంత మాట్లాడేది. అంతకన్నా ఆశించే హక్కు నాకు లేదు.

చంటిపాప మాత్రం రాలేదు. ఆ తల్లి నాలుగు రోజులు పనికి వెళ్లకపోయేసరికి కంపెనీకి మనుషులను పెట్టే కాంట్రాక్టరు ఆమె పేరు తీసేశాడు. పండగ దాటాక రెండో లిస్టులో మళ్లీ పిలిచారని, బస్సు ఎక్కుతోందని భాయ్ కూతురు చెప్పింది. మరి పాప ఎక్కడ అంటే, చూపు సరిగా ఆనని ఒక అవ్వ దగ్గర వదిలి వెళుతోందట. మరుసటి రోజు సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను.

ఆ అమ్మాయి మంచినీళ్లిచ్చింది. పాప గోడ పట్టుకుని నిలబడడం నేర్చుకుంది.

"బిడ్డల ఇంట్లో నీ పాపకు చోటు ఉంచాం తల్లీ. ఎందుకు తీసుకురావడం లేదు? ఇంకా ఏమైనా అనుమానముందా?"

"ఆయమ్మ మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు మేడమ్మా. అప్పుడూ లేదు."

"మరి?"

తలొంచుకుంది. తర్వాత నా మొహంలోకి చూసి చెప్పింది.

"మీరు ఆడ ఉండారు గదా. మీరు సెడ్డోళ్లని కాదు. మళ్లా ఎప్పుడన్నా మీకు ఏందో అగుపడి, మీరు ఒగ మాట అన్నారంటే, తెల్లారేసరికి మళ్లా నాకు పని లేదు. అవ్వకు సూపు ఆనదు. కానీ అవ్వ మాటకు ఎవురూ నా పేరు తీసెయ్యరు. మీరున్నంతవరకు తీసుకురాను మేడమ్మా. ఏమనుకోవద్దండి."

కోపం రాలేదు. ఆమె తప్పు వెతుకుదామని కూడా చూశాను, అలవాటు కొద్దీ. దొరకలేదు.

ఆ రాత్రంతా ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏమీ లేదు. మరుసటి రోజు ఆయమ్మకు ఫోన్ చేసి, ఇక రానని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. ముసలమ్మ ఉంది కదా, చేతులకు కొరత లేదు అంది.

సోమవారం ఏడింటికి భాయ్ ఫోన్ చేశాడు. "మేడం, ఆ బిడ్డ వొచ్చింది. ఆయమ్మ సెప్పమనింది" అన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. గట్టిగానే ఏడ్చాను. అందులో సంతోషమే ఎక్కువ. మూడేళ్లయింది. ఆ పాప ఇప్పుడు మా అంగన్‌వాడీకే వస్తోందని టీచరు చెప్పింది. నేను ఇంకా చూడలేదు.